విత్తనాలకు పడని పొగ

నేను కృష్ణగిరిలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, రెండు వేల సంవత్సరం దాటాక, మా ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఒక వీధికుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. అవి కాస్త నడక నేర్చాక, ఎవరికి ఏది అని మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్ద పంచాయితీ జరిగింది. అందరికంటే ముందు నాకొకటి అన్న పెద్దాయన చొక్కా జేబులో సిగరెట్ పెట్టె ఎప్పుడూ ఉండేది. "మీకు ఇవ్వకూడదు సార్, మీ పొగకే అది చచ్చిపోతుంది" అని టైపు చేసే అమ్మాయి మొహం మీదే అనేసింది. ఆయనకు రోషం వచ్చింది. "ముగ్గురు పిల్లల్ని పెంచినానమ్మా, ఒక కుక్కపిల్లను పెంచలేనా?" అన్నాడు. సగం మంది ఆయన వైపు, సగం మంది ఆ అమ్మాయి వైపు. పొగ తాగే ఇంటికి నోరులేని జీవాన్ని ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా అని ఎంగిలి చేతులు ఎండిపోయేదాకా వాదించుకున్నారు. నన్నూ అడిగారు. ఏ విషయంలోనూ నోరు మూసుకుని కూర్చునే మనిషిని కానని వాళ్ళకు తెలుసు. ఆ రోజు మాత్రం మజ్జిగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. ఆ పంచాయితీ మా ఇంట్లో పదేళ్ళ కిందటే అయిపోయింది.

హోసూరు బజారులో మాది విత్తనాల అంగడి. రాగులు, వేరుశనగ, అలసందలు, టమాటా, క్యాబేజీ, ఏ కాలానికి కావలసినవి ఆ కాలానికి. నాయన సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవాడే. అన్నలు ఊర్లో భూమి చూసుకుంటుంటే ఈయన పట్నం చేరి అంగడి పెట్టాడు. ముందు అంగడి, వెనక ఇల్లు. ఇల్లంటే ఒక పొడుగాటి గది, దాని వెనక వంటిల్లు. రెండు పక్కలా పక్కవాళ్ళ గోడలే కాబట్టి కిటికీ పెట్టే వీలు లేదు. వెనక తలుపు ఒక సందులోకి తెరుచుకునేది కానీ, అక్కడి మురుగు కాలువ దోమలకు భయపడి దాన్ని మూసే ఉంచేవాళ్ళం. ఆ రోజుల్లో హోసూరు చలి నిజంగా చలే. మూసిన ఇంట్లో వెచ్చగా ఉండడమే మాకు సుఖం.

నాయన బీడీలు తాగేవాడు. మామూలుగా కాదు, ఒకటి ఆరకముందే ఇంకొకదాని కోసం చెయ్యి కట్ట మీదికి పోయేది. అయితే అంగడిలో మాత్రం ఒక్కటి కూడా వెలిగించేవాడు కాదు. బీడీ పొగ తగిలిన విత్తనం మొలకెత్తదని ఆయన నమ్మకం. ఎవరు చెప్పారో, ఎక్కడ చూశాడో ఎవరికీ తెలియదు. గిరాకీకి వచ్చిన రైతు నోట్లో బీడీ కనిపిస్తే చాలు, గడప దగ్గరే ఆపేసేవాడు.

"బీడీ ఆడనే ఆర్పేసి రాప్పా. ఈడ ఇత్తనాలుండాయి."

అమ్మది జవళగిరి దగ్గర పల్లె. ఈ నమ్మకం చూస్తే ఆమెకు నవ్వు. "మా ఊర్లో ఇత్తనం కంకుల్ని పొయ్యి మీదనే కదా యాలాడగట్టేది? అయ్యేమన్నా మొలవకుండా పోయినాయా?" అనేది.

"అది కట్టెల పొగ. ఇది పొగాకు పొగ. రెండూ ఒకటేనా?" అని నాయన కొట్టిపారేసేవాడు.

అందుకని తాగాలనిపించినప్పుడల్లా లోపలికి వచ్చేవాడు. గదిలో నులకమంచం మీద కూర్చుని, తీరిగ్గా వెలిగించి, తాగి, మళ్ళీ అంగడిలోకి పోయేవాడు. మధ్యలో తలుపు ఒకటే. ఆ పక్క విత్తనాలు, ఈ పక్క మేము. విత్తనాలకు జరిగిన మర్యాద మాకు జరగలేదని ఇప్పుడు అనగలుగుతున్నాను. అప్పుడు ఆ ఆలోచనే లేదు. నిజం చెప్పాలంటే నాయన మాకు దొరికేది ఆ బీడీ కాలేంతసేపే. ఆ కాసేపట్లోనే నా లెక్కల నోటు చూసేవాడు, జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరిన కథలు చెప్పేవాడు, పొగను గుండ్రంగా వదిలితే నేను అందులో వేలు దూర్చేదాన్ని. చిన్నప్పుడు చెవిపోటు వచ్చి ఏడిస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని, బీడీ పొగ నోటినిండా పట్టి నా చెవిలోకి మెల్లగా ఊదేవాడు. వెచ్చగా ఉండేది. పోటు తగ్గేదో లేదో గానీ నిద్ర పట్టేది. ఈ రోజుకీ బస్సులో పక్కనెవరో బీడీ తాగి వచ్చి కూర్చుంటే అందరూ మొహం తిప్పుకుంటారు. నాకు మాత్రం నాయన గుర్తొచ్చి మనసు కరిగిపోతుంది. అలా కరిగినందుకు నామీద నాకే కోపం వస్తుంది.

అమ్మకు దగ్గు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. పొద్దున లేవగానే ఒక విడత, పొయ్యి దగ్గర ఒక విడత, పడుకోబోయే ముందు ఒక విడత. బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే, దగ్గును బట్టి అమ్మ వంటింట్లో ఉందో, సందులో బట్టలు ఆరేస్తోందో చెప్పేసేదాన్ని. పోపు ఘాటు అనేవాడు నాయన. విత్తనాల దుమ్ము అనేవాళ్ళు పక్కింటివాళ్ళు. హోసూరు చలి నాకు పడలేదు అనేది అమ్మ. తలా ఒక కారణం చెప్పారు, అసలుది తప్ప.

తొంభైల నడుమ ఒక ఏడు ఎలుకలు మామీద పగబట్టాయి. గోనెసంచులు కొరికి, వేరుశనగ విత్తనం గుల్ల చేసి పోయేవి. విత్తనాల మధ్య మందు పెట్టడం నాయనకు ఇష్టం లేదు, బోనుకు అవి చిక్కలేదు. ఇక పిల్లి తప్ప దారి లేదని తేలింది. పిల్లులంటే మా అవ్వే. అమ్మవాళ్ళమ్మ. ఆమె అటక మీద ఏడాదికి రెండుసార్లు పిల్లలు కళ్ళు తెరిచేవి. వేసవి సెలవులకు పోయినప్పుడు ఒకటి ఇమ్మని నేనే అడిగాను.

"ఇస్తా. చోటు చూసినాక ఇస్తా" అంది.

చోటు చూడడం మా అవ్వవాళ్ళ ఇంటి పద్ధతి. దూడ గానీ, కుక్కపిల్ల గానీ, పిల్లికూన గానీ, తమ ఇంట్లో పుట్టిన జీవాన్ని పక్క ఊరికి ఇవ్వాలంటే, అది పడుకోబోయే చోటును ముందు కళ్ళారా చూసిరావాలి. అడిగినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా సరే. దూడకయితే పాక చూస్తారు, తొట్టి చూస్తారు. పిల్లికూన కోసం ఎవరూ అంత పట్టించుకోరు గానీ, మా అవ్వ పట్టించుకుంటుంది. కూతురి ఇల్లయినా సరే, చూడందే ఇచ్చేది లేదంది. వారం తిరగకుండానే బస్సెక్కి హోసూరు వచ్చేసింది.

ముందు అంగడి చూసింది. గోనెసంచుల మధ్య చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసింది, మూలలో ఎలుక కన్నాలు చూసి సంతోషపడింది. "ఇది మంచి చోటు. తిండికి తక్కువ ల్యా" అంది. తర్వాత గదిలోకి వచ్చింది. మంచం పక్కన గోడకు కొట్టిన క్యాలెండరును జరిపింది. క్యాలెండరు కింద గోడ తెల్లగా ఉంది. చుట్టూ పసుపుపచ్చగా ఉంది. అవ్వ ఆ గోడను వేలితో గీసి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను పుట్టి పెరిగిన ఇంటి గోడ. అది రెండు రంగులుగా ఉందని ఆ రోజే చూశాను.

"ఈ ఇంటికి పిల్లినిచ్చేది ల్యాదప్పా" అంది నాయనతో. "యాడ చూసినా పొగే. చిన్న ప్రాణం, తట్టుకోదు."

నాయనకు నవ్వాగలేదు. అవ్వ దవడలో పొద్దస్తమానం పొగాకు ముక్క ఉండేది. "మరి నీ నోట్లో ఉండేదేమత్తా?" అన్నాడు.

"నాది నా నోట్లోనే ఉంటుంది. ఊరి నోట్లోకి పోదు."

అందరం పగలబడి నవ్వాం. అమ్మ కూడా నవ్వింది, నవ్వుతో దగ్గొచ్చింది, దగ్గుతూ దగ్గుతూనే అడిగింది.

"నన్నిచ్చేటప్పుడు చోటు చూడలేదా అమ్మా?"

ఎగతాళిగానే అడిగింది. కానీ అవ్వ నవ్వు ఆగిపోయింది. మంచం పట్టె మీద కూర్చుని, కొంగుతో మూతి తుడుచుకుని, జవాబు చెప్పింది. దూడకు, పిల్లికి ఆడవాళ్ళు పోయి చూడొచ్చట. ఆడపిల్లనిచ్చే ఇంటికి మాత్రం మగవాళ్ళే పోవాలట. మా తాత, అమ్మకు పెద్దనాన్నలు ఇద్దరు, ఊరి పెద్దమనిషి ఒకాయన, నలుగురు వచ్చారట. "నలుగురూ బీడీ తాగేవాళ్ళే కదమ్మా. ఆ పొద్దు మీ ఆయనతో కూసోని సాయంత్రందాకా తాగినారు. ఇల్లు బాగుంది, పిల్లోడు మర్యాదస్తుడు, అడక్కముందే అగ్గిపెట్టె ఇస్తాడు అని వచ్చి చెప్పినారు. వాళ్ళకు వాసన యాడ తెలుస్తుంది?"

నాయన తల గోక్కున్నాడు. తర్వాత ఆయనే బేరానికి దిగాడు. పిల్లి అంగడిలోనే ఉంటుంది, అంగడిలోకి పొగ రాదు, లోపలికి దాన్ని రానివ్వను అని అవ్వ చేతిలో చెయ్యి వేశాడు. అవ్వ నమ్మీ నమ్మనట్టు ఒప్పుకుంది. తప్పు జరిగితే వెనక్కి తీసుకుపోతానంది. అవ్వ అన్నదంటే చేస్తుంది. అంతకుముందు ఏడు తాను ఇచ్చిన దూడను, తీసుకున్నవాళ్ళ పాకలో నుంచే తోలుకొచ్చేసింది.

పిల్లికూన వెదురుబుట్టలో, నా ఒళ్ళో, బస్సు దారంతా అరుస్తూ వచ్చింది. బూడిదరంగు మీద నల్ల చారలు. మా ఇళ్ళలో పిల్లికి పేరు పెట్టే అలవాటు లేదు. నాయన మాత్రం "ఏమమ్మా" అని పిలిచేవాడు, అదీ పలికేది. మూడు నెలల్లో ఎలుకలు పక్కంగడికి వలసపోయాయి. పక్కంగడాయన మామీద మొహం మాడ్చుకుని తిరిగాడు.

దాన్ని అంగడిలో ఉంచడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. పిల్లికి ఒప్పందాలేం తెలుసు? నాయన లోపలికి వస్తే వెంటే వచ్చేది. మంచం మీద కూర్చుంటే ఒళ్ళో చుట్ట చుట్టుకునేది. ఆయన ఒక చేత్తో బీడీ, ఒక చేత్తో దాని వీపు. మొదట్లో "పోమ్మా బయటికి" అని తోసేవాడు, తర్వాత తోయడం మానేశాడు. దానికి చెవిలో దురద వస్తే, నాకు ఊదినట్టే దాని చెవిలోకీ పొగ ఊదాడు. ప్రేమతోనే చేశాడు. ఆయనకు తెలిసిన వైద్యం అదే మరి. అది లేచి ఒళ్ళంతా నాక్కునేది. ఎత్తుకుంటే దాని మెడ దగ్గర నాయన చొక్కా వాసన వచ్చేది. అది నాకు భలే ఇష్టంగా ఉండేది.

రెండో ఏడు చలికాలంలో అది దగ్గడం మొదలుపెట్టింది. నేలకు అతుక్కుని, మెడ ముందుకు చాచి, పొట్ట ఎగరేస్తూ ఈల వేసినట్టు దగ్గేది. ఎలుక ఎముక గొంతుకు అడ్డం పడిందన్నాడు నాయన. బొచ్చు మింగిందన్నారు పక్కింటివాళ్ళు. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి వచ్చి, దాని పక్కన చతికిలబడి, చాలాసేపు చూసింది. "ఇది ఎముక దగ్గు కాదు" అని మాత్రం అంది. ఎలా తెలుసని మేమెవరం అడగలేదు. పిల్లి తిండి మానేసిన మూడో రోజు దాన్ని వచ్చిన బుట్టలోనే పెట్టి, ముగ్గురం పశువుల ఆస్పత్రికి నడిచాం. దారి పొడవునా నేను ఏడుస్తూనే ఉన్నాను.

ఆస్పత్రిలో అన్నీ ఆవులూ ఎద్దులూ. డాక్టరు గారు బుట్ట మూత తీసి పిల్లిని చూసి ఆశ్చర్యపోయారు. వీపు మీద గొట్టం పెట్టి విన్నారు. తర్వాత దాని వెంట్రుకల్లో ముక్కు పెట్టి వాసన చూసి, నాయన వేళ్ళ వైపు చూశారు. బీడీ పట్టే రెండు వేళ్ళూ పసుపు రంగే కదా. "ఇంట్లో ఎవరు తాగుతారు?" అని తమిళంలో అడిగారు. నాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పిల్లి పొగను పీల్చడంతో ఆగదని, ఒంటిమీద పడిన మసినంతా నాక్కుని తింటుందని, అది మనకంటే నేలకు దగ్గరగా మూసిన గదిలోనే తిరుగుతుందని ఆయన ఓపికగా చెప్పారు. మందు రాసిచ్చి, "పొగైనా బయటికి పోవాలి, పిల్లైనా బయటికి పోవాలి. రెండూ ఒకే ఇంట్లో కుదరవు" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నాయన బుట్టను తనే మోశాడు. సగం దారిలో ఆగి, "మీ అవ్వకు చెప్పొద్దు" అన్నాడు నాతో. ఎవరికీ భయపడని మనిషి అత్తగారికి భయపడడం ఆ రోజే చూశాను. అవ్వ వచ్చి బుట్ట పట్టుకుపోతే ఎలాగన్న భయం ఆయన మొహంలో కనబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం నుంచి ఆయన ఇంట్లో బీడీ వెలిగించలేదు. ఒక్కటి కూడా. అంగడిలో విత్తనాలకు పడదు, ఇంట్లో పిల్లికి పడదు. పాపం, వీధి దాటి ఎదురుగా తాళాల అంగడి వాళ్ళ రేకు కిందికి పోయి నిలబడేవాడు. వాన పడితే తలమీద తువ్వాలు కప్పుకుని, బీడీ తడవకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, దొంగలా తాగేవాడు. పిల్లి గడప మీద కూర్చుని ఆయన వచ్చేదాకా చూసేది. వచ్చాక చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకునిగానీ దాన్ని ముట్టేవాడు కాదు. నేను బడిలో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. నిజంగా గొప్పే, కాదనను. పాతికేళ్ళ అలవాటును గుమ్మం దాటించడం చిన్న పనేం కాదు.

నెల తిరిగేసరికి పిల్లి దగ్గు తగ్గింది. మళ్ళీ సంచుల మీద దూకడం మొదలుపెట్టింది. నాయన ఆనందం చెప్పనలవి కాదు. వచ్చిన ప్రతి గిరాకీకీ ఈ కథే. ఒకరోజు నేను బడి నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే "అమ్మా, యాడున్నావు?" అని కేకేశాను. అమ్మ వంటింట్లోనే, నాలుగు అడుగుల దూరంలో, బియ్యం ఏరుతూ ఉంది. "ఈడనే ఉండా" అంది. నాకేమీ తోచలేదు. పుస్తకాల సంచి పడేసి పిల్లిని ఎత్తుకున్నాను.

వేరుశనగ విత్తనాల కాలంలో ఊత్తంగరై నుంచి ఒక రైతు వచ్చాడు. ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషి, మా లోపలి గది కూడా ఎరగడు. నాయన ఆయనకు మూటలు కట్టిస్తూ పిల్లి కథ మొదటి నుంచి చివరిదాకా వినిపించాడు. ఆయన తల ఊపుతూ విని, వెళ్ళబోతూ లోపలి తలుపు వైపు చూసి అడిగాడు.

"లోపల దగ్గుతా ఉండే అమ్మ ఊర్లో ల్యాదాప్పా? ఈ తూరి దగ్గు ఇనపడలేదే."

నాయన "ఉంది, ఈడనే ఉంది" అన్నాడు. రైతు మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాయన గల్లాపెట్టె మూసి, లోపలికి వచ్చాడు. నేను మంచం మీద కూర్చుని రాసుకుంటున్నాను. అమ్మ గోడ దగ్గర నిలబడి, తడిగుడ్డతో ఆ పసుపు మరకను రుద్దుతోంది.

"నీ దగ్గు ఎప్పుడు తగ్గింది?" అన్నాడు.

"పిల్లికి తగ్గినప్పుడే."

"నాకొక మాట చెప్పి ఉండొచ్చు కదా, నీకు పడలేదని."

అమ్మ గుడ్డ ఆపలేదు. గొంతు కూడా పెంచలేదు.

"పిల్లి చెప్పిందా? అదీ దగ్గింది, నేనూ దగ్గినా. అది ఒక నెల. నేను పదహారేండ్లు."

నాయన నా వైపు చూశాడు. నేనేదైనా అంటానేమో, కనీసం నవ్వుతానేమో అని. నేను నోటు పుస్తకంలో తల దూర్చుకున్నాను. ఆయన మీద ఎగరడానికి నాకు మొహమే లేదు. ఆ రోజు పశువుల ఆస్పత్రిలో డాక్టరు గారు పొగ గురించి చెబుతుండగా, నా వెనక నిలబడిన అమ్మకు దగ్గు తెర వచ్చింది. ఆయన మాట ఆపి, ఆమె వైపు చూసి, ఆ దగ్గు ఆగేదాకా ఆగారు. నేను వెనక్కి తిరిగి, "ఉండమ్మా, పిల్లికేమైందో ఇననీ" అని అమ్మను కసిరాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పిల్లి గురించి మేము వినడం పూర్తయ్యేదాకా బయటికి పోయి ఎద్దుల మధ్య నిలబడింది.